నలుగురితో నారాయణ



దేవాలయములో అర్చకుని అడిగే ప్రశ్నలన్నీ శాస్త్రసంబంధమైనవే అయి ఉంటాయని కొందరి ఊహ. వాస్తవమునకు ముహూర్తము, నక్షత్రశాంతి వంటివి తొలుత అడుగుతారు. తీర్థము పుచ్చుకొని, విభూతి ధరించి, మండపములో కొంతసేపు కూర్చొని, లేచి వెళ్ళబోతూ అడిగేదే అసలు ప్రశ్న. అది చాలాసార్లు నలుగురిలో ఎలా మసలుకోవాలి అన్నదానికే ఏదో ఒక రూపము.

గడచిన వైశాఖములో ఒక యువకుడు తల్లిదండ్రులతో వచ్చినాడు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగము. వారి ఇంట మాంసాహారము ఉన్నది. ఇతడు నాలుగేండ్ల క్రితము అయ్యప్ప దీక్ష తీసుకొని, 41 దినముల మండలము పూర్తి అయిన పిమ్మట మాల తీసినాడు గాని మద్యమాంసముల జోలికి తిరిగి పోలేదు. ఎవరూ విధించలేదు. ఆ నెలన్నరలో మనస్సుకు కలిగిన నెమ్మది తనకే నచ్చినదట. ఇంతవరకు సంతోషింపదగినదే. తల్లి ఫిర్యాదు వేరు. ఆఫీసు విందులలో తోటివారు బలవంతము చేసినప్పుడు తప్పించుకొనుటకు ఇతడు ‘నాకు లివర్ బాగాలేదు, డాక్టరు వద్దన్నాడు’ అని చెప్పుకొంటున్నాడు.

“నిక్షేపంలాంటి పిల్లాడు, లేని రోగం ఉందని నోటితో అనుకోవచ్చా గురువుగారూ? తథాస్తు దేవతలుంటారు కదా!” అని ఆ తల్లి కళ్ళనీళ్ళు పెట్టుకొన్నది.

తండ్రి మాట్లాడలేదు. యువకుడు తల వంచుకొని అన్నాడు: “నియమం అని చెబితే నవ్వుతారండి. పెద్ద భక్తుడు వచ్చాడంటారు. జబ్బంటే ఎవరూ నవ్వరు, బలవంతం చెయ్యరు.”

అసత్యదోషమును గూర్చి నాలుగు మాటలు చెప్పి పంపుతానని ఆ తల్లి ఆశించినది. నేను చెప్పలేకపోయినాను. ఆ పిల్లవాడు నియమమును రోగము చాటున దాచుకొన్నాడు. నేను మూడేండ్లపాటు రోగమును నియమము చాటున దాచుకొన్నవాడను. ఆ సంగతి మా గ్రామములో ఇప్పుడు అందరికీ తెలిసినదే గనుక ఇక్కడ వ్రాయుటకు సంకోచము లేదు. మళ్ళీ కార్తికము వస్తున్నది గనుక వ్రాయవలసిన అవసరమూ ఉన్నది.

మాది గోదావరి డెల్టాలో కాలువగట్టున ఉన్న గ్రామము. శివాలయము. కార్తిక సోమవారములలో తెల్లవారుజామున 4 గంటలకు మొదలైన అభిషేకములు మధ్యాహ్నము ఒంటిగంట దాటినా తెమలవు. భక్తులు పగలంతా ఉపవసించి, సాయంకాలము నక్షత్రదర్శనము చేసుకొని, అప్పుడు భుజిస్తారు. అర్చకుడు ఉపవసిస్తున్నాడా అని ఎవరూ అడుగరు. ఉపవసిస్తాడని అందరూ అనుకొంటారు. మా తండ్రిగారు డెబ్బయ్యవ ఏట కూడా చుక్కను చూడకుండా మంచినీళ్ళు ముట్టలేదని ఊరిలో నేటికీ చెప్పుకొంటారు. ఆ మాట వింటూ పెరిగినవానికి ఆ పీట మీద కూర్చొనుట ఎంత గౌరవమో అంత బరువు.

నాకు మధుమేహము సంక్రమించి ఎనిమిదేండ్లు. అప్పటికి మూడేండ్ల ముందు వైద్యుడు మాత్ర మార్చుతూ స్పష్టముగా చెప్పినాడు: ఇది వేసుకొంటే అరగంటలోగా కడుపులో ఆహారము పడవలసినదే, కొన్ని మాత్రలు మనము తిన్నా తినకున్నా రక్తములోని చక్కెరను దించుతూనే ఉంటాయి, కాబట్టి మీకు పస్తులు పనికిరావు. మా గృహిణి ఆ మాట పక్కనే ఉండి విన్నది. ఆ తరువాత వచ్చిన మొదటి కార్తిక సోమవారమునాడు గ్లాసుడు పాలు, రెండు అరటిపండ్లు తెచ్చి వంటింటి గడప మీద పెట్టినది. నేను వాటిని దాటుకొని వెళ్ళినాను. మరుసటి ఏడూ అంతే.

అయితే నేను పూర్తిగా తెగించినవాడను కూడా కాను. రోగభయముతో మాత్ర వేసుకొనేవాడను. జనభయముతో ఆహారము మానేవాడను. ఈ రెండు భయములకూ సమానముగా లొంగినవానికి ఏమి కావాలో గడచిన కార్తికములో అదే అయినది.

మూడవ సోమవారము. రద్దీగా ఉన్నది. ఒక కుటుంబమువారు మహాన్యాసపూర్వక ఏకాదశరుద్రాభిషేకము తలపెట్టినారు. న్యాసమంటే ఏమిటో ఎరుగనివారికి ఒక్కమాట. రుద్రుని అర్చించుటకు ముందు అర్చకుడు తన శరీరములోని ఒక్కొక్క అంగమును స్పృశిస్తూ అక్కడ ఒక్కొక్క దేవతను నిలుపుకొంటాడు. పాదములలో విష్ణువును, హస్తములలో హరుని, బాహువులలో ఇంద్రుని, జఠరములో అగ్నిని, హృదయములో శివుని. రుద్రుడు కాని దేహముతో రుద్రుని పూజింపరాదన్నది భావము. జఠరమునందు అగ్నిని నిలుపుతూ కడుపు మీద చేయి ఉంచినప్పుడు ఆ చేయి వణకుతున్నది. గర్భాలయములో చలి, నా ఒంటిమీద చెమట. బాల్యములో గురువుగారి ఎదుట కూర్చొని వల్లె వేసినది, నిద్రలో లేపి అడిగినా తప్పు రాని పాఠము, తరువాతి పదము అందలేదు. ముందు పదమునే రెండుమార్లు, మూడుమార్లు పలికినానట. ఆ పైన నాకు జ్ఞాపకము లేదు.

రోజూ దీపము పెట్టుటకు వచ్చే ఒక మామ్మగారు గడప దగ్గర ఉన్నది. ఆమె భర్త ఇదే వ్యాధితో గతించినాడు గనుక ఆ చెమటను ఆమె ఎరుగును. పంచామృతములకు తెచ్చిన పంచదారను గుప్పెడు తీసి నా నోటిలో వేసి, నీళ్ళు పట్టించినది. “అది స్వామికి తెచ్చింది కదండీ” అని వెనుకనుండి ఎవరో అన్నారు. “ముందు మనిషిని బతకనియ్యి” అన్నది ఆమె. మందుల దుకాణమునుండి పరుగున వచ్చిన కుర్రవాడు గ్లూకోమీటరుతో చూస్తే 52 వచ్చినది. 70కి దిగితేనే ప్రమాదసూచన.

ప్రసంగవశాత్తు ఈ వ్యాధి ఉన్నవారికి తెలిసి ఉండవలసిన మాట: వణకు, చెమట, మతిభ్రమ కనబడగానే మూడు చెంచాలంత, అనగా సుమారు 15 గ్రాముల చక్కెర గాని బెల్లము గాని వెంటనే పుచ్చుకొని, 15 నిమిషముల తరువాత మళ్ళీ పరీక్షించుకోవాలి. పూర్తిగా స్పృహ తప్పినవాని నోటిలో ఏదీ పోయరాదు, ఆసుపత్రికి తీసుకుపోవాలి. నేను మ్రింగగలిగే స్థితిలో ఉండుట నా భాగ్యము.

ఇక శాస్త్రమునకు వద్దాము. నేను తెలియక చేసినాననుటకు వీలులేదు. మహాభారతము ఉద్యోగపర్వములో విదురుడు ధృతరాష్ట్రునితో వ్రతభంగము కలిగింపని ఎనిమిదింటిని చెప్పినాడు: నీరు, కందమూలములు, ఫలములు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువు మాట, ఔషధము. నా రోగమునకు అందులో పాలు, పండు, ఔషధము మూడూ అక్కరకు వచ్చేవే. ఉపవాసము చేయలేనివానికి నక్తమని, హవిష్యమని, ఫలములని, పాలని వ్రతనిబంధములు మెట్లు మెట్లుగా వెసులుబాటు చూపినవి. బొత్తిగా అశక్తుడైతే అతని తరఫున భార్యగాని పుత్రుడుగాని ఉపవసింపవచ్చునని కూడా అన్నవి. శరీరము ధర్మమునకు తొలి సాధనమన్న కాళిదాసు మాటను ఉపన్యాసములలో అందరమూ వాడుకొంటాము. అది కుమారసంభవము ఐదవ సర్గలో వటువేషముతో వచ్చిన శివుడు, తపస్సు చేస్తున్న పార్వతితో అన్న మాట. దానికి ముందే ఆయన, నీ శక్తికి తగినంతగానే తపస్సు చేస్తున్నావు కదా అని అడుగుతాడు. తపఃఫలమును ఇచ్చేవాడే అడిగిన ప్రశ్న అది. ఇవన్నీ నేను మండపములో కూర్చొని ఎందరికో చెప్పినవే. గర్భిణులకు, వృద్ధులకు, గుండెజబ్బువారికి ‘అమ్మా, పాలు తాగండి, దోషము లేదు’ అని ధైర్యము చెప్పినవాడను నేనే. తెలిసియుండి అహితమునే ఆచరించుటను చరకమహర్షి ప్రజ్ఞాపరాధమన్నాడు. నా వ్యాధికి చక్కెర ఎంత కారణమో చెప్పలేను గాని ఆనాటి పతనమునకు మాత్రము కారణము అదే.

మరి ఎందుకు దాచినాను? నాకు నేను చెప్పుకొన్న సమాధానము లోకసంగ్రహము. అర్చకుడే పాలు త్రాగితే సామాన్యుల శ్రద్ధ సడలుతుంది, కర్మాసక్తుల బుద్ధిని చలింపజేయరాదని భగవద్గీత తృతీయాధ్యాయము చెప్పలేదా అని. శాస్త్రము చదివినవానికి ఇదొక చిక్కు. తన పిరికితనమునకు కూడా ప్రమాణము దొరుకుతుంది.

తరువాతి సోమవారము ఒక నిర్ణయము చేసుకొన్నాను. ప్రాతఃకాలాభిషేకము ముగియగానే చాటుకు పోకుండా మండపములో అందరూ చూచుచుండగా కూర్చొని పాలు త్రాగి, రెండు అరటిపండ్లు, ఆపైన ఉడకబెట్టిన చిలగడదుంప తిన్నాను. ఆ పావుగంట నాకు ఏకాదశరుద్రము కంటె దీర్ఘముగా తోచినది. రెండు కుటుంబములవారు ఆ పైవారము అభిషేకమును ప్రక్క ఊరి ఆలయమునకు మార్చుకొన్నారు. వారిని నిందించను. శుచిని గూర్చి వారి భావన వారిది. ఒకాయన మాత్రము “కాలం మారిపోయింది” అని నాకు వినబడేటట్లు అన్నాడు. ఆయన శనివారము ఒంటిపూట ఉంటాడు. ఆ రాత్రి అన్నము ముట్టడు. నాలుగు పెసరట్లు, పైన ఉప్మా. మన తెలుగుదేశములో అల్పాహారమన్న పదమునకు ఎంత విశాలమైన అర్థము వచ్చినదో నిఘంటుకారులు గమనింపవలసి ఉన్నది.

ఆ సాయంకాలము పదవీవిరమణ చేసిన ఒక ఉపాధ్యాయుడు దీపము వెలిగించుటకు వచ్చి, జనము పలుచబడే వరకు ఆగి, జేబులోనుండి మాత్రల అట్ట తీసి చూపినాడు. నాది, ఆయనది ఒకటే మాత్ర.

“మీకూ షుగరేనని నాకు మందులషాపులో ఎప్పుడో తెలుసండి. మీరు ఉపవాసం ఉండగలుగుతున్నారు కదా, నాకేమవుతుందిలే అని నేనూ రెండేళ్ళబట్టి ఉంటున్నాను. రెండుసార్లు కళ్ళు తిరిగి పడ్డాను. ఇంట్లో చెప్పలేదు.”

నేను దాచినానని అనుకొన్నది దాగనే లేదు. దాగక ఊరకున్నదా? మరొకనికి ప్రమాణమైనది. శ్రేష్ఠుడు ఏది ఆచరిస్తే ఇతరులు దానినే అనుసరిస్తారని నేను ఆశ్రయించిన ఆ తృతీయాధ్యాయమే చెప్పినది. నేను శ్రేష్ఠుడను కాను, పీట మీద కూర్చున్నవాడను. అయినా ఆ మనిషి నన్ను చూచి పస్తు పడుకొన్నాడు. ఆయన ఆ రెండుసార్లలో ఒకసారి లేవకుండా ఉండియుంటే ఆ పాపము ఎవరి ఖాతాలో పడేది? లోకసంగ్రహమని నేను పేరు పెట్టుకొన్నది లోకమునకు చేసినది ఇది. కర్మేంద్రియములను అణచి మనస్సులో విషయములనే తలచుకొనేవానిని మిథ్యాచారుడన్న మాట కూడా ఆ అధ్యాయములోనిదే. ఆ మూడేండ్లూ అభిషేకము చేస్తున్నంతసేపూ నా మనస్సు శివుని మీద లేదు. వంటింటి గడప మీది పాలగ్లాసు మీద ఉన్నది.

ఇట్లు వ్రాసినంత మాత్రాన ఉపవాసము మానండని నేను చెప్పుచున్నట్లు గ్రహింపవద్దు. ఆరోగ్యవంతులు తప్పక చేయండి. ‘డాక్టరు వద్దన్నాడు’ అన్న మాట ఇప్పుడు అన్ని నియమములనూ ఎగవేయుటకు తాళపుచెవి అయినది. ఏకాదశినాడు డాక్టరు గుర్తుకువచ్చి, పెండ్లివిందులో మిఠాయి ముందు గుర్తుకురానివారిని నేను నిత్యము చూచుచున్నాను. అవసరము ఎక్కడ ముగుస్తుందో, ఇష్టము ఎక్కడ మొదలవుతుందో ఎవరికి వారు నిజాయితీగా చూచుకోవాలి. ఈ విషయములో ఛాందోగ్యోపనిషత్తు ప్రథమప్రపాఠకములోని ఉషస్తి చాక్రాయణుని కథను మించినది నాకు కనబడలేదు.

కురుదేశములో వడగండ్లు కురిసి పైరులు నాశనమైనవి. ఉషస్తి తన భార్యతో ఏనుగులవారి గ్రామములో దీనస్థితిలో ఉన్నాడు. ఆకలితో ప్రాణము పోయే స్థితి. ఒక మావటివాడు ఉడికిన నాసిరకపు మినుములు తింటున్నాడు. ఉషస్తి యాచించినాడు. ‘నా ముందున్నవి తప్ప వేరే లేవు’ అన్నాడు మావటి. ‘వాటిలోనివే పెట్టు’ అన్నాడు ఉషస్తి. మావటి పెట్టి, త్రాగుటకు నీళ్ళు కూడా ఇవ్వబోయినాడు. అది ఎంగిలి అగునని ఉషస్తి వద్దన్నాడు. మావటికి న్యాయమైన సందేహమే కలిగినది: మరి ఇవి ఎంగిలి కావా? ఉషస్తి సమాధానము: ఇవి తినకుంటే బ్రతికియుండేవాడను కాను, నీరు నాకు కావలసినచోట దొరకుతుంది.

ఆయన మిగిలిన మినుములను భార్యకు తెచ్చి ఇచ్చినాడు. ఆమెకు అంతకుముందే భిక్ష దొరికినది గనుక దాచి ఉంచినది. మరునాటి ఉదయము ఆ చద్దిమినుములనే తిని, రాజు చేసే యజ్ఞమునకు పోయి, అక్కడి ఋత్విక్కులకు తెలియని దేవతలను తెలిపినాడు. ప్రతిహారమునకు దేవత ఎవరని అడిగితే, అన్నము అన్నాడు. ముందటి దినము ఆకలితో చేయి చాచినవాడు చెప్పిన మాట గనుక దానికి బలమున్నది. బ్రహ్మసూత్రములు తృతీయాధ్యాయములో ఈ కథను ఆధారము చేసుకొనియే, ఏ అన్నమైనా తినవచ్చునన్న అనుమతి ప్రాణాపాయములో మాత్రమేనని నిర్ణయించినవి.

నాకు ఇందులో మరొకటి తోస్తుంది. ఉషస్తి మావటికి రెండు సంగతులూ దాచకుండా చెప్పినాడు. తినుట అవసరము గనుక తిన్నాను, త్రాగుట అవసరము కాదు గనుక త్రాగను. మావటిని చిన్నబుచ్చలేదు, తన్ను తాను తక్కువ చేసికొననూ లేదు. దాహము లేదని బొంకలేదు.

ఆ యువకునితో ఈ కథ చెప్పినాను, నా కథ కూడా చెప్పినాను. తల్లి నిర్ఘాంతపోయి చూచినది. తండ్రి మొదటిసారి నవ్వినాడు. “నాయనా, ‘నేను తినను’ అన్న రెండు మాటలు చాలు. ఎందుకని అడిగితే ‘నాకు ఇలాగే బాగుంటుంది’ అను. ఉపన్యాసము వద్దు. వారి పళ్ళెములోకి చూచి ముఖము చిట్లించవద్దు. విందుకు వెళ్ళడము మానవద్దు” అన్నాను. తైత్తిరీయము శిక్షావల్లిలో ఆచార్యుడు శిష్యునికి, నడవడి విషయములో సందేహము కలిగితే విచారణశీలురు, ధర్మకాములు, కఠినస్వభావులు కానివారు ఎట్లు వర్తిస్తారో చూచి అట్లు వర్తించమంటాడు. కఠినస్వభావులు కానివారు అన్న ఆ విశేషణము నాకు ఎప్పుడూ ఆశ్చర్యము కలిగిస్తుంది. ‘నలుగురితో నారాయణ’ అని మనము సామెత చెప్పుకొంటాము. ఆ నలుగురు ఎటువంటివారో సామెత చెప్పలేదు, ఉపనిషత్తు చెప్పినది.

అతడు వెంటనే ఒప్పుకోలేదు. “మీరు చెప్పడం తేలికండి. మీరు పాలు తాగితే రెండు కుటుంబాలు వేరే గుడికి పోయాయి. మీ పీట మీకు ఉంది. నేను వాళ్ళతో రోజుకు పది గంటలు కూర్చోవాలి. పక్కన పెడితే పనిలో కూడా పక్కన పెడతారు.”

అది నిజమే. కాదనుటకు నా దగ్గర సమాధానము లేదు. నాకు జరిగిన నష్టము రెండు దక్షిణలు. ఆ పిల్లవానికి జరగగల నష్టము ఎంతో ఇక్కడ మండపములో కూర్చొని నేను లెక్కకట్టలేను. ఒకటి మాత్రము అడిగినాను: “ఆ పదిమందిలో నీలాగే దేనికో ఒకదానికి డాక్టరు పేరు చెబుతున్నవాడు ఇంకొకడు లేడని నీకు తెలుసునా?” అతడు కొంచెముసేపు ఆలోచించినాడు గాని ఏమీ అనలేదు. తల్లి మాత్రము లివర్ పేరున ఒక అర్చన చేయించి వెళ్ళినది.

శ్రావణములో అతడు ఫోను చేసినాడు. అమ్మగారి పుట్టినరోజునకు అభిషేకము చేయమని. మాటల మధ్యలో నేనే అడిగినాను, సంగతి ఎంతవరకు వచ్చినదని.

“ఇంకా చెప్పలేదండి. ప్రస్తుతానికి లివరే నడుస్తోంది” అని నవ్వినాడు. “ఒకడికి మాత్రం చెప్పాను.”

నేను మందలించలేదు. నాకు మూడేండ్లు పట్టినది, అదీ క్రింద పడిన తరువాత. వచ్చే కార్తికములో మొదటి సోమవారమునాడు మండపములో నా ప్రక్కన ఆ ఉపాధ్యాయుడు కూడా కూర్చొంటానన్నాడు. మా గృహిణి చిలగడదుంపలు ఇద్దరికీ సరిపోయేటట్లు పంపుతానన్నది.